పొడుగుమెడ మనిషి, ఇండియన్ కలువలు, మా అత్తయ్య: ఎఫ్టెలింగ్‌లో రెండు రోజులు

నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ అనే వినోదాల పార్కుకి మేం వెళ్ళడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ వెళ్ళొచ్చాం అంతే, చూశాం అని చెప్పలేను. పొద్దున్నే గేటు తీయగానే రోలర్‌కోస్టర్ల వైపు పరుగు, అక్కడో లైను, అయ్యాక ఇంకో లైను. సాయంత్రానికి కాళ్ళు పీకుతుంటే, దారిలో ఉన్న కథల అడవిని "చిన్నపిల్లలదిలే" అని పక్కనుంచే దాటేసి కారెక్కాం. ఐండ్‌హోవెన్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళు చాలామంది చేసేదీ అదే.

ఈసారి తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చి ఉన్నారు. రెండు మోకాళ్ళూ నొప్పులే. రోలర్‌కోస్టర్ వీడియో చూపిస్తే "నా ప్రాణం నా దగ్గరే ఉండనీయండర్రా" అని ఫోను పక్కన పెట్టేశారు. ఆవిడనీ, ఆరేళ్ళ మా చిన్నినీ ఒకేచోట కూర్చోబెట్టగల జాగా ఏదా అని వెతుక్కుంటే, మేం రెండుసార్లు దాటేసిన ఆ అడవే మిగిలింది. రెండు రోజుల్లో మొత్తం ఏడెనిమిది గంటలు అక్కడే గడిపాం. నా లెక్కలో మాత్రం ఎఫ్టెలింగ్ అంటే ఇప్పుడు ఆ అడవే. మిగతాదంతా దాని చుట్టూ కట్టిన ప్రహరీ.

ఊరి పేరు కాట్స్‌హ్యూవెల్. నెదర్లాండ్స్ దక్షిణ భాగంలో, నార్త్ బ్రబాంట్‌లో ఉంది. ఐండ్‌హోవెన్ నుంచి కార్లో ముప్పావుగంట. రైల్లో వచ్చేవాళ్ళు టిల్‌బుర్గ్‌లో గానీ డెన్ బోస్‌లో గానీ దిగితే అక్కడినుంచి బస్సులున్నాయి. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తేదీ ఎంచుకుని కొనుక్కోవాలి, రోజును బట్టి ధర మారుతుంది. మాకు మనిషికి 40 యూరోల పైనే పడింది. నాలుగేళ్ళు నిండని పిల్లలకి ఉచితం. పార్కింగుకి వేరే కట్టాలి, ఆ డబ్బులు ముందే లెక్కలో వేసుకోండి.

గేటే ఒక వింత. ఎత్తుగా, మొనదేలిన అయిదు శిఖరాలతో రెల్లుగడ్డి కప్పు. ఇంత పెద్ద గడ్డికప్పులు ప్రపంచంలోనే తక్కువ. దాన్ని పంచేంద్రియాల ఇల్లు అంటారు. అత్తయ్య తల పైకెత్తి కాసేపు చూసి, "మా చిన్నప్పుడు వేసవి వస్తే కప్పు మార్చడానికి నలుగురు మనుషులు దొరికేవాళ్ళు కాదు, దీనికి ఎంతమంది కావాలో" అన్నారు. మేం ఇదివరకు రెండుసార్లు దాని కిందనుంచే పరిగెత్తాం. అది గడ్డి అని నాకు తట్టనేలేదు.

బస గురించి ముందే చెప్పేస్తాను. పార్కువాళ్ళ సొంత బసలున్నాయి. 2009లో తెరిచిన బోస్‌రైక్ చెట్ల మధ్య కాటేజీల పల్లె. 2017లో వచ్చిన లోన్స్‌హె లాండ్‌లో హోటలూ ఉంది, చిన్న ఇళ్ళూ ఉన్నాయి. ఇప్పుడు గేటు పక్కనే గ్రాండ్ హోటల్ కూడా వచ్చింది. వీటిలో దిగితే వచ్చిన రోజు, వెళ్ళే రోజుతో సహా పార్కు ప్రవేశం అద్దెలోనే కలిసి ఉంటుంది. ధర చూసి గుండె ఝల్లుమంటుందిగానీ, నలుగురి టికెట్లు రెండు రోజులకి కలిపి చూస్తే తేడా అనుకున్నంత ఉండదు. ఈ లెక్క నేను తర్వాత వేశాను. ముందు వేసి ఉంటే బాగుండేది.

మేం బయట ఒక అద్దె ఇల్లు తీసుకున్నాం, పేరు అనవసరం. ఫోటోల్లో ముచ్చటగా ఉంది. వెళ్ళాక తెలిసింది, దుప్పట్లకీ తువ్వాళ్ళకీ వేరే డబ్బులని. ఆ ముక్క ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉందట. దానికంటే పెద్ద చిక్కు వంటింట్లో వచ్చింది. అత్తయ్య తెనాలి నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్‌ని ఇండక్షన్ పొయ్యి గుర్తుపట్టలేదు. గిన్నె పెట్టగానే కూ కూ అని అరిచి ఆరిపోతుంది. "దీనికి నేను పరాయిదాన్ని అని తెలిసిపోయింది" అన్నారావిడ. చివరికి వాళ్ళ స్టీలు గిన్నెలోనే అన్నం వార్చుకున్నాం. పెద్దవాళ్ళతో వెళ్తూ బయట ఇల్లు తీసుకునేటట్టయితే పొయ్యి ఏ రకమో ముందే అడగండి. బసలో నాకు నచ్చిందల్లా, పొద్దున్నే దగ్గర్లోని లోన్స్ ఎన్ డ్రూనెన్స్ ఇసుకదిబ్బల్లో చేసిన నడక. సముద్రం లేకుండానే ఇసుక, మధ్యలో పైన్ చెట్లు. దానికి టికెట్టు లేదు.

ఇక అడవి సంగతి.

డచ్‌లో దాని పేరు స్ప్రోక్యస్‌బోస్. స్ప్రోక్యే అంటే అద్భుత కథ, బోస్ అంటే అడవి. నిజంగా అడవే, ఎత్తయిన చెట్ల మధ్య మెలికలు తిరిగే కాలిబాట. ఒక మలుపు తిరిగితే ఒక కథ. మొదట మాకు తగిలినవాడు లాంగ్‌నెక్, అంటే పొడుగుమెడ మనిషి. మామూలుగా కూర్చున్నట్టే ఉంటాడు. ఉన్నట్టుండి తల మెల్లగా పైకి లేవడం మొదలవుతుంది. మెడ సాగుతుంది, ఇంకా సాగుతుంది, చెట్ల కొమ్మల దాకా పోయి అటూ ఇటూ చూసి మళ్ళీ దిగుతుంది. చిన్ని కేకలు పెడితే సరే. అత్తయ్య కూడా "అమ్మో, ఇంకా ఉందా!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గ్రిమ్ సోదరుల కథలో ఒక రాజకుమారుడికి ఆరుగురు వింత సేవకులుంటారు, వాళ్ళలో ప్రపంచమంతా చూడగలవాడు వీడు. ఆ మాట చెబితే "అయితే వాచ్‌మన్ అన్నమాట" అని తేల్చేశారు.

ఈ లాంగ్‌నెక్ 1952 నుంచీ ఉన్నాడు. ఆ ఏడాది మే 31న అడవి తెరిచినప్పుడు ఉన్న కథలు పదే. నిద్రపోయే సుందరి కోట, స్నో వైట్, కప్పరాజు, చైనా కోకిల, ఫ్రావ్ హోలె బావి, మరుగుజ్జుల పల్లె, మాయ గడియారం, మాట్లాడే చిలక లాంటివి. ఇప్పుడు 30 దాకా అయ్యాయి. అమెరికాలో డిస్నీలాండ్ తెరుచుకున్నది 1955లో, అంటే దీని తర్వాత మూడేళ్ళకి. వాల్ట్ డిస్నీ ఇక్కడికి వచ్చి చూసి నేర్చుకున్నాడని డచ్చివాళ్ళు సరదాగా చెప్పుకుంటారు. ఆ మాటకి ఆధారం ఎవరూ చూపించలేదు. అయినా ఏ ఊరికి ఆ ఊరు గొప్పలు చెప్పుకోకపోతే ఎలా.

అసలు కథ ఇంకా వెనక నుంచి మొదలవుతుంది, అందులో రాజులూ లేరు, రాణులూ లేరు. ఇద్దరు కేథలిక్ ఫాదర్లు ఉన్నారు. ఊళ్ళో కుర్రాళ్ళు ఆడుకోవడానికి ఒక మైదానం ఉండాలని రీట్రా, ద క్లైన్ అనే ఆ ఇద్దరు పట్టుబట్టారు. 1935లో ఇక్కడ ఆటస్థలం, నడిచే తోట తెరిచారు. ఎఫ్టెలింగ్ అనేది అంతకుముందు ఇక్కడున్న ఒక పాత పొలంలోని ఇంటి పేరు నుంచి వచ్చింది. యుద్ధం అయ్యాక ఊరి మేయర్ ఫాన్ డెర్ హైడెన్‌కి ఈ జాగాని ఇంకాస్త పెద్దది చేయాలనిపించింది. 1950లో దీనికోసం ఒక ట్రస్టు పెట్టారు. మేయరుగారి బంధువు పీటర్ రైండర్స్ మా ఐండ్‌హోవెన్ మనిషే. ఫోటోలు తీసేవాడు, సినిమాలు తీసేవాడు, యంత్రాలంటే పిచ్చి. కథల్లోని బొమ్మలు కదిలితే, మాట్లాడితే ఎలా ఉంటుందన్నది ఆయన పట్టుకున్న దారం.

బొమ్మలు గీయడానికి వాళ్ళు అడిగింది ఆంటన్ పీక్‌ని. అప్పటికే పుస్తకాలకి బొమ్మలు వేయడంలో ఆయనకి పెద్ద పేరు. ఉద్యోగం మాత్రం బ్లూమెందాల్‌లో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఆయన మొదట ఒప్పుకోలేదు. అట్టముక్కలు పేర్చి రంగులు పూసే తిరనాళ్ళ సెట్టింగు అనుకున్నాడేమో. ఒప్పుకున్నప్పుడు పెట్టిన షరతు ఒకటే, అసలు సరుకే వాడాలి. ఇటుకంటే ఇటుకే, కర్రంటే కర్రే, కప్పంటే రెల్లుగడ్డే. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ ఇళ్ళు చూస్తుంటే నకిలీ అనిపించకపోవడానికి కారణం ఈ షరతే. వాన పడితే గోడలకి నాచు పడుతుంది, ఆ నాచు కూడా కథలో భాగమైపోతుంది. ప్లాస్టిక్‌కి ఆ అదృష్టం లేదు. పీక్ గోడల్లో ఇంకో చిత్రం ఉంది, ఏదీ నిటారుగా ఉండదు. పొగగొట్టం ఓ పక్కకి ఒరుగుతుంది, తలుపు కాస్త వంకర. చూసి "తాపీమేస్త్రీ తాగొచ్చి కట్టాడు" అన్నారు మా ఆయన.

మాట్లాడే చిలక దగ్గర జరిగింది చెప్పాలి. పంజరం ముందు నిలబడి ఏదైనా అంటే, చిలక కాసేపాగి అదే మాట దాని గొంతుతో తిరిగి అంటుంది. పిల్లలంతా "హలో", "హాయ్" అంటున్నారు, డచ్ పిల్లలు ఇంకేవో పోకిరి మాటలు అంటున్నారు. మా వంతు వచ్చింది. అత్తయ్య ముందుకెళ్ళి, చెప్పక్కర్లేకుండానే, "రామ రామ అనవే" అన్నారు. చిలక ఒక్క క్షణం ఆగి, బొంగురుగా, "రామ రామ అనవే" అంది. యాస ఒక్క పిసరు తేడా లేదు. "నాలుగేళ్ళుగా డచ్ క్లాసులకి వెళ్తున్నారు, మీకు రానిది దీనికి ఒక్కసారికే వచ్చింది" అని ఆవిడ మా ఇద్దర్నీ చూసి నవ్వారు. చిన్ని అక్కణ్ణుంచి కదలనంది. పది నిమిషాల్లో దాని చేత "అమ్మా ఆకలి" కూడా అనిపించింది.

ఎర్ర బూట్ల దగ్గర నేను ఎక్కువసేపు నిలబడిపోయాను. రాళ్ళు పరిచిన చిన్న ముంగిలి, దాని మీద ఒక జత ఎర్ర బూట్లు, వేసుకున్న మనిషి లేకుండానే నాట్యం చేస్తుంటాయి. అంతే, ఇంకేం లేదు. 1953లో వచ్చింది. డెన్మార్క్ రచయిత అండర్సన్ రాసిన మూలకథ కాస్త భయంకరం, ఆగకుండా ఆడే బూట్లని వదిలించుకోలేక ఆ పిల్ల చివరికి కాళ్ళే నరికించుకుంటుంది. చిన్నికి ఆ ముక్క చెప్పలేదు. నాకు నచ్చింది ఇంకొకటి. ఈ కాట్స్‌హ్యూవెల్ చుట్టుపక్కల ప్రాంతాన్ని లాంగ్‌స్ట్రాట్ అంటారు, నెదర్లాండ్స్‌లో చెప్పుల తయారీకి పేరుమోసిన ప్రాంతం. అడవికి మూడేళ్ళ ముందు, 1949లో, ఈ ఊళ్ళో పెద్ద చెప్పుల ప్రదర్శన కూడా పెట్టారు. చెప్పులు కుట్టే ఊరు కథల అడవి కట్టుకుంటే, రెండో ఏడాదే అందులో బూట్లు నాట్యం చేశాయి. కావాలని చేశారో, కుదిరిందోగానీ, తెనాలిలో ఇలాంటిది కడితే కథల్లోకి ముందు పాల క్యాను వచ్చేదేమో.

బాట పక్కన అక్కడక్కడా పుట్టగొడుగులు, ఎర్రటి టోపీల మీద తెల్లచుక్కలు. దగ్గరికెళ్ళి వంగితే లోపల్నుంచి సన్నగా సంగీతం. చాలాకాలం జర్మన్ సంగీతకారుడు బాఖ్‌ది అనుకున్న, నిజానికి క్రిస్టియన్ పెట్సోల్డ్ రాసిన మినుయెట్ అనే నాట్యబాణీ అది. పిల్లలు వంగి చెవులు పెడుతుంటారు, వాళ్ళని చూసి పెద్దలూ వంగుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇది కుదరదు, కానీ అత్తయ్య అదీ చేశారు. లేపడానికి ఇద్దరం పట్టాం.

గాడిద బొమ్మ దగ్గర ఒక నాణెం వేస్తే వెనకనుంచి బంగారు రంగు జ్ఞాపిక నాణెం రాలుతుంది. దాని గురించి ఇంతకంటే రాయను. చిన్ని మూడుసార్లు వేయించింది.

చెత్తబుట్ట గురించి మాత్రం రాయాలి. హోలె బోలె ఖైస్ అని ఒక లావుపాటి తిండిపోతు, నోరు తెరుచుకుని కూర్చుని "పాపియర్ హీర్" అంటుంటాడు. కాగితం ఇక్కడ, అని అర్థం. నోటి దగ్గర కాగితం పెడితే గాలితో సర్రున లాగేసుకుని థాంక్స్ చెబుతాడు. 1959లో వచ్చాడు. పాత డచ్ పిల్లల పాటలో ఈ ఖైస్ ఆవునీ, దూడనీ, సగం గుర్రాన్నీ, ఏడు పీపాల బీరునీ, ఓడెడు గొర్రెల్నీ మింగి కూడా ఆకలితో నిద్రపట్టక దొర్లుతాడట. అత్తయ్యకి వెంటనే బకాసురుడు గుర్తొచ్చాడు. ఫలితం ఏమిటంటే, పిల్లలు నేల మీది కాగితాలు ఏరుకొచ్చి మరీ వేస్తున్నారు. చిన్ని నా హ్యాండ్‌బ్యాగ్ ఖాళీ చేసింది, పాత రసీదులన్నీ పోయాయి. "చెత్త వేయరాదు" అని బోర్డు రాసే బదులు ఒక ఆకలిగొన్న నోరు పెట్టారు చూడండి, ఈ పార్కులో నాకు అన్నిటికంటే తెలివైన యంత్రం అదే. హైదరాబాద్ జూలో అలాంటివి నాలుగు పెడితే ఎంత బాగుండు.

ఇప్పుడు ఇండియన్ కలువలు.

ఆ పేరు మ్యాప్‌లో చూసి మా ఆయన ముందే హెచ్చరించారు, "ఇండియా అనుకుని ఆశపడకమ్మా" అని. లోపలికి వెళ్తే చీకటి గుహ, మధ్యలో కొలను. వెలుతురు రాగానే కప్పలు, బాతులు వాయిద్యాలు మోగిస్తాయి. కలువలు విచ్చుకుని లోపలినుంచి అప్సరసల్లాంటి బొమ్మలు లేచి నాట్యం చేస్తాయి, పైనుంచి ఒక మంత్రగత్తె ఆజమాయిషీ. 1966లో తెరిచారు. మొట్టమొదటి ఆశ్చర్యం, దీని కథ రాసింది బెల్జియం రాణి ఫాబియోలా. ఆవిడ స్పెయిన్ పిల్ల, పెళ్ళికి ముందు రాసుకున్న పిల్లల కథల్లో ఇదొకటి. రెండో ఆశ్చర్యం సంగీతం. ఇండియా కొలనులో పాడుతున్న గొంతు పెరూ దేశపు గాయని యీమా సుమాక్‌ది. తర్వాత బాతులు వాయించేది జర్మన్ బ్యాండ్‌మాస్టర్ బెర్ట్ కెంఫెర్ట్ బాణీ, దాని పేరు "ఆఫ్రికాన్ బీట్". అంటే స్పెయిన్ అమ్మాయి రాసిన ఇండియా కథ, పెరూ గొంతు, జర్మనీవాడి ఆఫ్రికా తాళం, డచ్ యంత్రాలు. మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయారు. నేనూ నవ్వాను. 1960ల యూరప్‌కి తూర్పు అంటే అంతా ఒకటే మూట. అదే అడవిలో 1958 నాటి ఎగిరే ఫకీరు కూడా ఉన్నాడు. వేణువు ఊదితే తులిప్ పూలు లేస్తాయి, తర్వాత తివాసీ మీద ఒక బురుజు నుంచి ఇంకో బురుజుకి ఎగురుతాడు. ఎగరడం చూడ్డానికి బాగుంటుంది. కానీ ఫకీరు తులిప్‌లు పండించడం ఏమిటో నన్నడక్కండి.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. కథ ఏంటని అడిగారు. చెప్పాను: వెన్నెల రాత్రుల్లో చంద్రుడి దేవతతో కలిసి చుక్కల కన్యలు కొలనులో ఆడుకోవడానికి దిగేవాళ్ళు. తెల్లవారేలోగా పైకి వెళ్ళిపోవాలి. ఒకసారి ఆటలో పడి వెళ్ళలేదు, మంత్రగత్తె వాళ్ళని కలువలుగా మార్చేసింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఇంకేం మరి, కలువలరేడు అంటే చందమామే కదా. కలువలు రాత్రి ఎందుకు పూస్తాయి? పైనున్న వాళ్ళని చూసుకోవడానికి. ఆ రాణిగారికి ఎవరో మనవాళ్ళే చెప్పుంటారు" అన్నారు. ఎవరూ చెప్పి ఉండరని నాకు తెలుసు. అయినా ఆ మాట విన్నాక రెండోసారి లోపలికెళ్ళి చూస్తే, ఇందాక నేను నవ్విన బొమ్మలే వేరేగా కనిపించాయి. ఆ సాయంత్రం చిన్నికి ఆవిడ అదే కథ తెలుగులో చెప్పారు. అందులో మంత్రగత్తె పేదరాశి పెద్దమ్మ చెల్లెలు అయిపోయింది, కొలను మా ఊరి చెరువైపోయింది.

ఇలా పరాయి దేశాల వాళ్ళని చూపించే బొమ్మల విషయంలో పార్కు కూడా ఊరుకోలేదు. నరమాంసభక్షకుడి బొమ్మతో 1988 నుంచి తిరిగిన ఒక రైడుని తీసేసి, 2022లో అదే జాగాలో సిరోక్కో అని ఓడల రైడు పెట్టారు. మంచి పని చేశారు. కలువల్ని మాత్రం తీయకూడదు. అది ఎవర్నీ వెక్కిరించదు, తెలియక తప్పుగా ప్రేమించింది, అంతే.

పీక్ తర్వాత బొమ్మల భారం టోన్ ఫాన్ దె ఫెన్ మీద పడింది. 1978లో దెయ్యాల కోట కట్టారు. 1981లో పైథాన్ అనే రోలర్‌కోస్టర్ పెట్టినప్పుడు, కథల తోటలో ఈ ఇనుప పాము ఏంటని చాలామంది గొణిగారట. నేనైతే గొణగను. పెద్దపిల్లలు రాకపోతే డబ్బులు రావు, డబ్బులు రాకపోతే 1952 నాటి మరమనుషులకి నూనె ఎవరు పోస్తారు. ఏడాదికి 50 లక్షలకు పైగా జనం వస్తున్నారంటే అందులో పైథాన్ వాటా ఉంది. అయితే ఆ రైడ్ల మోజులో అడవికి కొత్త కథలు రావడం నెమ్మదించింది. 1988లో ట్రోల్ రాజు వచ్చాక, 1998లోగానీ రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ రాలేదు. అక్కణ్ణుంచి మళ్ళీ ఊపందుకుంది: 2001లో రపుంజెల్, 2009లో సిండ్రెల్లా, 2012లో చక్రవర్తి కొత్త బట్టలు, 2016లో పినోకియో, 2019లో ఆరు హంసలు. ఆరుగురు అన్నలు ఆరు హంసలుగా మారిన ఆ కథ చూసి, చిన్ని "మనకి ఏడు చేపలున్నాయి కదా" అని లెక్కలో మనమే గెలిచినట్టు చూసింది.

2004లో వచ్చిన అగ్గిపుల్లల పిల్ల గురించి ఒక మాట. మంచులో అగ్గిపుల్లలు అమ్ముకునే పిల్ల, చలికి వణుకుతూ ఒక్కొక్క పుల్లే గీసుకుంటుంది, వెలుగులో చనిపోయిన నానమ్మ కనిపిస్తుంది, చివరికి ఆవిడతోపాటే వెళ్ళిపోతుంది. అండర్సన్ కథని సుఖాంతం చేయకుండా అలాగే ఉంచారు. బయటికొచ్చాక చిన్ని ఏమీ అడగలేదు, నానమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. చాలాదూరం వదల్లేదు. బాగా చిన్నపిల్లలున్నవాళ్ళు అక్కడికి వెళ్ళేముందు ఒకసారి ఆలోచించుకోండి. నేనైతే తీసుకెళ్ళమనే అంటాను.

రెండో రోజు మధ్యాహ్నం మా ఆయన ఒక్కరే పైథాన్, పాత దెయ్యాల కోట జాగాలో 2024లో తెరిచిన డాన్స్ మకాబ్ర చూసుకుని వచ్చారు. ఆయనకి బాగా నచ్చాయి. మేం ముగ్గురం ఆవిరి రైలెక్కాం. 1969 నుంచి తిరుగుతోంది, పార్కంతా కూర్చునే చూడొచ్చు. పెద్దవాళ్ళకి అది, గొండోలెట్టా పడవలు, 1993 నాటి డ్రోమ్‌ఫ్లుఖ్ట్, ఈ మూడూ చాలు. డ్రోమ్‌ఫ్లుఖ్ట్‌లో నలుగురు పట్టే బుట్టలాంటి బండిలో కూర్చుంటే చీకట్లో వేలాడుతూ గంధర్వలోకంలోంచి తీసుకెళ్తుంది. ఎక్కేటప్పుడు బండి పూర్తిగా ఆగదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అక్కడి సిబ్బందికి ముందే చెప్పండి. పిల్లల కోసం కర్ర తోపుడుబండ్లు అద్దెకిస్తారు. మేం తీసుకున్నాం. పిల్ల నడిచింది, బండిలో పులిహోర డబ్బాలు తిరిగాయి.

అవును, బయటి తిండి లోపలికి తెచ్చుకోవచ్చు, కూర్చుని తినడానికి బల్లలూ ఉన్నాయి. శాకాహారులకి ఇదే పెద్ద ఊరట. లోపల ఆలుగడ్డ ఫ్రైస్, పాన్‌కేకులు దొరుకుతాయి, ఒక పూటకి పరవాలేదు, రెండో పూటకి నాలుక చచ్చిపోతుంది. స్ప్రోక్యస్‌బోస్‌లో చెట్టుకింద ఆవకాయ మూత తీస్తే పక్క బల్ల మీది డచ్ తాతగారు తిరిగి చూశారు. అత్తయ్య ఒక ముక్క ఇవ్వబోతే నేనే ఆపాను. ఆయన మంచి కోసమే.

మాటలు ఎక్కువగా డచ్‌లోనే వినపడతాయి. అది ఇబ్బంది అనుకోలేదు, పైగా మేలైంది. భాష తెలిస్తే యంత్రం చెప్పే కథ వినేసి వచ్చేసేవాళ్ళం. తెలియక, ప్రతి చోటా ఎవరో ఒకరు కథ చెప్పాల్సి వచ్చింది. వెళ్ళేముందు గ్రిమ్, అండర్సన్ కథలు ఒక పదైనా చదువుకుని వెళ్ళండి. 2010 నుంచి పార్కు ఏడాది పొడుగునా తెరిచే ఉంటోంది, వేళలు మాత్రం కాలాన్ని బట్టి మారతాయి. అడవికి పొద్దున్న కాకుండా, మూసే ముందు చివరి రెండు గంటల్లో వెళ్ళండి. తోపుడుబండ్ల రద్దీ తగ్గి, వెలుగు వాలుగా పడి, పీక్ ఇళ్ళ కిటికీల్లో దీపాలు కనిపించే వేళ అది.

మేం బయల్దేరేసరికి అడవి దాదాపు ఖాళీ. అత్తయ్య చిలక పంజరం దగ్గర ఆగి, ఎవరూ లేరని చూసుకుని, "వెళ్ళొస్తానే" అన్నారు. అది కాసేపాగి అదే మాట అంది. "చూశావా అమ్మాయ్, ఇదీ నాతో బయల్దేరుతోంది" అంటూ నా భుజం మీద చెయ్యేసుకుని గేటు వైపు నడిచారు.